అండర్-17 వరల్డ్ కప్‌ను పద్ధతిగా ఫాలో అవడం ఎలా: జట్టు జాబితా నుంచి ఫైనల్ దాకా

"48 జట్లు, 104 మ్యాచ్‌లు, ఒక్క పేరూ తెలియదు. ఎక్కడ మొదలుపెట్టాలి?" అండర్-17 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ దగ్గర పడిన ప్రతిసారీ పాఠకులు నన్ను అడిగే ప్రశ్న ఇదే. హైలైట్స్ చూస్తే గోల్స్ తప్ప ఏమీ గుర్తుండడం లేదని, పాయింట్ల పట్టిక తలకెక్కడం లేదని కూడా చాలామంది అంటున్నారు.

నా సమాధానం ఒకటే. అన్నీ చూడకండి. నాలుగు జట్లను ఎంచుకోండి, పదిహేను మ్యాచ్‌లు చూడండి. కానీ వాటిని మొదటి విజిల్ నుంచి చివరి విజిల్ దాకా, చేతిలో నోట్‌బుక్ పెట్టుకుని చూడండి. అది ఏ వరుసలో చేయాలో కింద రాశాను.

1. ముందు టోర్నీ స్వరూపాన్ని ఒక కాగితం మీద గీసుకోండి

2025లో ఖతార్‌లో జరిగిన టోర్నీతో ఫార్మాట్ మారింది. అంతకుముందు రెండేళ్లకోసారి 24 జట్లతో జరిగేది. ఇప్పుడు ఏటా 48 జట్లతో జరుగుతోంది. 2029 దాకా ఆతిథ్యం ఖతార్‌దే. పాత లెక్కలు మనసులో పెట్టుకుని కూర్చుంటే మొదటి రోజే తికమకపడతారు.

కాగితం మీద ఇలా రాసుకోండి:

- 12 గ్రూపులు, ఒక్కో గ్రూపులో 4 జట్లు
- ప్రతి జట్టుకూ 3 గ్రూప్ మ్యాచ్‌లు, మొత్తం 72
- ప్రతి గ్రూపు నుంచి మొదటి రెండు జట్లు ముందుకు (24)
- మూడో స్థానంలో నిలిచిన 12 జట్లలో మెరుగైన 8 కూడా ముందుకు
- అక్కడి నుంచి 32 జట్ల నాకౌట్. మూడో స్థానం మ్యాచ్‌తో కలిపి 32 మ్యాచ్‌లు

గ్రూప్ దశలో ఒకే రోజు ఎనిమిది మ్యాచ్‌లు ఉంటాయి, కొన్ని ఒకే సమయంలో నడుస్తాయి. అందుకే షెడ్యూల్ విడుదలైన రోజే కిక్-ఆఫ్ వేళలను మీ గడియారానికి మార్చి రాసుకోండి. ఆ రోజు చూసుకోవచ్చులే అనుకుంటే సగం మ్యాచ్ అయిపోయాక గుర్తొస్తుంది.

2. వయసు నిబంధన: పుట్టిన సంవత్సరం ఒక్కటే చాలదు

లెక్క సులభం. టోర్నీ జరిగే సంవత్సరంలోంచి 17 తీసేయండి. ఆ ఏడాది జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు అర్హులు. 2017 టోర్నీకి 2000, 2023కి 2006, 2025కి 2008. అందుకే నవంబరులో ఆడుతున్న కుర్రాడికి 17 ఏళ్ల 10 నెలలున్నా అది మోసం కాదు, నిబంధన ప్రకారమే ఉన్నాడు.

వయసు దాచడాన్ని పట్టుకోవడానికి 2009 నుంచి మణికట్టు ఎమ్మారై వాడుతున్నారు. అక్కడి ఎముక పెరిగే భాగం పూర్తిగా అతుక్కుపోయి కనిపిస్తే ఆ ఆటగాడిని ఆడనివ్వరు.

అసలు చూడాల్సింది పుట్టిన నెల. ఏ దేశపు జాబితా తీసుకున్నా సాధారణంగా జనవరి, ఫిబ్రవరి, మార్చిలో పుట్టినవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో ఎంపిక జరిగేటప్పుడు పది నెలల తేడా అంటే ఎత్తులో, బలంలో చాలా తేడా. ముందు పుట్టినవాడు పెద్దగా కనిపిస్తాడు, వాడే ఎంపికవుతాడు.

కాబట్టి జాబితాలో అక్టోబరు, నవంబరు, డిసెంబరులో పుట్టిన పేర్ల కింద గీత పెట్టండి. తనకంటే పెద్దవాళ్ల మధ్య చిన్న శరీరంతో నెగ్గుకొచ్చాడంటే వాడి దగ్గర ఇంకేదో ఉంది. ఆ ఇంకేదో ఏమిటో కనిపెట్టడమే ఈ టోర్నీ చూడడంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని.

3. జట్టు జాబితాను ఇలా చదవండి

ఒక్కో జట్టులో 21 మంది ఉంటారు, వాళ్లలో ముగ్గురు గోల్‌కీపర్లు. జాబితా రాగానే మీ నాలుగు జట్లకు ఒక్కో పేజీ కేటాయించి ఇవి రాయండి:

- నంబరు, పేరు, ఆడే స్థానం
- పుట్టిన నెల
- క్లబ్బు, అక్కడ ఏ వయసు జట్టులో ఆడుతున్నాడు
- ఖండ స్థాయి అర్హత టోర్నీలో ఆడాడా లేదా

మూడోదే కీలకం. పదహారేళ్లకే క్లబ్బు అండర్-19 జట్టులోనో సీనియర్ల పక్కనో ఆడుతున్న కుర్రాడు ఉంటే, వాడిని కోచ్‌లు ఎప్పుడో గుర్తించారన్నమాట.

నాలుగోది చాలామంది వదిలేస్తారు. యూత్ టోర్నీలకు ఆటగాళ్లను పంపి తీరాలన్న బలవంతం క్లబ్బుల మీద లేదు. 2017లో దక్షిణ అమెరికా అండర్-17 పోటీల్లో అదరగొట్టిన బ్రెజిల్ కుర్రాడు వినీసియస్ జూనియర్‌ను ఫ్లమెంగో క్లబ్బు వరల్డ్ కప్‌కు పంపలేదు. అదే టోర్నీలో ఇంగ్లండ్ వింగర్ (మైదానం అంచున ఆడే దాడి ఆటగాడు) జేడన్ సాంచో గ్రూప్ దశ అవగానే తన జర్మనీ క్లబ్బు డార్ట్‌మండ్‌కు వెళ్లిపోయాడు. కాబట్టి అర్హత టోర్నీ చూసి పెట్టుకున్న అంచనాను తుది జాబితాతో మళ్లీ సరిచూసుకోండి.

4. నాలుగు జట్లను ఎంచుకోండి

నేను పాటించే పద్ధతి:

- ఒకటి: టైటిల్ కొట్టగలదని అందరూ అనుకునే జట్టు
- రెండు: మీకు ఆటతీరు నచ్చే దేశం
- మూడు: మీరు ఎప్పుడూ చూడని ఖండపు జట్టు
- నాలుగు: ఆ మూడింటిలో ఏదో ఒకదాని గ్రూపులోనే ఉన్న మరో జట్టు

నాలుగోది ఎందుకంటే, ఒకే గ్రూపులో రెండు జట్లను పట్టుకుంటే పాయింట్ల పట్టిక దానంతటదే అర్థమవుతుంది. నాలుగు జట్లకు గ్రూప్ దశలో 11 మ్యాచ్‌లు వస్తాయి. మిగిలినవి నాకౌట్‌కు దాచుకోండి. మీ జట్టు ఓడిపోతే దాన్ని ఓడించిన జట్టును పట్టుకోండి.

5. పాయింట్ల లెక్క: ఒక నిజమైన గ్రూపుతో

గెలుపుకు 3, డ్రాకు 1. ఇది అందరికీ తెలుసు. జట్లు సమానమైనప్పుడే తంటా. భారత్‌లో జరిగిన 2017 టోర్నీ గ్రూప్-ఎ కంటే మంచి పాఠం నాకు దొరకలేదు. పెన్ను తీసుకుని నాతోపాటు లెక్క వేయండి.

- ఘనా: కొలంబియాపై 1-0, అమెరికాతో 0-1, భారత్‌పై 4-0. వేసినవి 5, తిన్నవి 1, తేడా +4
- కొలంబియా: ఘనాతో 0-1, భారత్‌పై 2-1, అమెరికాపై 3-1. వేసినవి 5, తిన్నవి 3, తేడా +2
- అమెరికా: భారత్‌పై 3-0, ఘనాపై 1-0, కొలంబియాతో 1-3. వేసినవి 5, తిన్నవి 3, తేడా +2
- భారత్: మూడూ ఓటమి

మూడు జట్లకూ ఆరేసి పాయింట్లు. గోల్ తేడాతో ఘనా మొదటి స్థానం. కొలంబియా, అమెరికాకు తేడా సమానం, వేసిన గోల్సూ సమానం. అప్పుడు ఆ రెండూ తలపడిన మ్యాచ్ చూడాలి. అందులో కొలంబియా గెలిచింది, కాబట్టి రెండో స్థానం దానిదే.

ఇప్పుడు భారత్-కొలంబియా మ్యాచ్ 1-1తో ముగిసి ఉంటే ఏమయ్యేదో వేసి చూడండి. కొలంబియాకు 4 పాయింట్లే. అమెరికా రెండో స్థానానికి ఎక్కేది, కొలంబియా మూడుకు దిగేది. ఒక్క గోల్ ఇంత పని చేస్తుంది. ఆ గోల్ ఎప్పుడు పడిందో తర్వాత చెబుతాను.

ఒక జాగ్రత్త. సమానమైన జట్లను విడదీసే వరుస అన్ని టోర్నీల్లో ఒకేలా ఉండదు. కొన్నిటిలో ముందు గోల్ తేడా చూస్తారు. యూరప్ పోటీల్లోలాగా కొన్నిటిలో ముందు ఆ జట్ల మధ్య జరిగిన మ్యాచ్ చూస్తారు. మీరు చూస్తున్న టోర్నీ నిబంధనల్లో ఆ ఒక్క పేరా చదివి కాగితం పైభాగాన రాసుకోండి. సోషల్ మీడియాలో జరిగే వాదనల్లో సగం ఈ పేరా చదవకపోవడం వల్లే.

మూడో స్థానాల పట్టిక ఇంకో కథ. ఆ జట్లు వేర్వేరు గ్రూపులవి, ఒకదానితో ఒకటి ఆడవు. కాబట్టి అక్కడ పాయింట్లు, గోల్ తేడా, వేసిన గోల్స్ అనే వరుస నడుస్తుంది.

2025లో మొరాకోను చూడండి. జపాన్ చేతిలో 0-2, పోర్చుగల్ చేతిలో 0-6. రెండు మ్యాచ్‌లకు గోల్ తేడా -8. అందరూ వదిలేసుకున్న జట్టు అది. మూడో మ్యాచ్‌లో న్యూ కాలెడోనియాపై 16-0తో గెలిచింది. పాయింట్లు మూడే, కానీ తేడా -8 నుంచి +8కి ఎక్కింది. మూడో స్థానంతోనే ముందుకెళ్లి క్వార్టర్ ఫైనల్ దాకా చేరింది.

అన్నీ సమానమైతే క్రమశిక్షణ పాయింట్లు రంగంలోకి వస్తాయి. ఫిఫా టోర్నీల్లో మామూలుగా కనిపించే లెక్క ఇది: పసుపు కార్డుకు -1, రెండో పసుపుతో వచ్చిన ఎరుపుకు -3, నేరుగా ఎరుపుకు -4, పసుపు తర్వాత నేరుగా ఎరుపుకు -5. అందుకే కార్డులు కూడా నోట్‌బుక్‌లో ఉండాలి.

చివరి గ్రూప్ మ్యాచ్‌కు ముందు సరిచూసుకోవాల్సినవి:

- నా జట్టుకు డ్రా చాలా, గెలవాలా?
- ఓడినా ఎన్ని గోల్స్ తేడాతో ఓడితే మూడో స్థానంలో బతుకుతుంది?
- అదే సమయంలో జరిగే రెండో మ్యాచ్‌లో ఏ ఫలితం నా జట్టుకు నష్టం?

6. మ్యాచ్ చూసేటప్పుడు ఏం రాయాలి

ఈ మార్గదర్శిలో అసలు పని ఇదే. మిగతావన్నీ ఇక్కడికి రావడానికే.

మన కళ్లు బంతి వెంటే పోతాయి. అలా చూస్తే గోల్ వేసినవాడు మాత్రమే గుర్తుంటాడు. 90 నిమిషాల మ్యాచ్‌లో ఏ ఆటగాడి కాళ్ల దగ్గరైనా బంతి ఉండేది కొద్ది నిమిషాలే. మిగతా సమయమంతా వాడు ఏం చేస్తున్నాడన్నదే వాడి ఆట.

*మొదటి 15 నిమిషాలు.* ఏమీ రాయకండి. జట్టు ఎలా నిలబడిందో చూడండి. గోల్ కిక్ (దాడి చేసే జట్టు బంతిని గోల్ గీత దాటించి బయటికి కొట్టాక మళ్లీ ఆట మొదలుపెట్టే కిక్) తీసే ప్రతిసారీ ఆగి గమనించండి. 2019లో నిబంధన మారాక గోల్ కిక్‌ను పెనాల్టీ బాక్సులోపలే తోటివాడికి ఇవ్వొచ్చు. కీపర్ దగ్గరివాడికి ఇస్తున్నాడా, దూరంగా కొడుతున్నాడా అన్నదాన్ని బట్టి కోచ్ తన కుర్రాళ్లను ఎంత నమ్ముతున్నాడో తెలుస్తుంది.

*15 నుంచి 45.* ఒక్క ఆటగాడిని ఎంచుకుని పది నిమిషాలు వాడినే చూడండి. ఆ తర్వాత ఇంకొకడు. టీవీలో కెమెరా బంతి వెంటే తిరుగుతుంది కాబట్టి మొదట్లో మిడ్‌ఫీల్డర్‌ను గానీ ఫుల్ బ్యాక్‌ను (అంచున ఆడే డిఫెండర్) గానీ పట్టుకోండి, వాళ్లే ఎక్కువసేపు ఫ్రేములో ఉంటారు. నా నోట్‌బుక్‌లో ఒక పేజీ ఇలా ఉంటుంది:

- 23 ని. 2వ నంబరు. బంతి రాకముందు రెండుసార్లు భుజం మీంచి వెనక్కి చూశాడు. ఎడమకాలితో ఆపాడు, కుడికాలితో ముందుకు ఇచ్చాడు.
- 27 ని. వింగర్ దాటేశాడు. జెర్సీ పట్టుకోలేదు, లోపలికి పరుగెత్తి దారి మూశాడు.
- 31 ని. పాస్ తప్పింది. చేతులు ఎత్తలేదు, తల దించలేదు. వెంటనే వెనక్కి పరుగు.

ఇందులో గోల్ లేదు, అసిస్ట్ (గోల్‌కు దారితీసిన పాస్) లేదు. కానీ ఈ మూడు వాక్యాలు చదివితే ఆ కుర్రాడు ఎలాంటివాడో తెలిసిపోతుంది. ముఖ్యంగా మూడోది. పదహారేళ్ల వయసులో తప్పు చేసిన తర్వాతి ఐదు సెకన్లు ఎలా గడుపుతాడన్నది నేను ఎప్పుడూ వదలకుండా రాస్తాను.

*గోల్ పడిన తర్వాతి మూడు నిమిషాలు.* సంబరాల రీప్లే వస్తున్నా మీరు మాత్రం సిద్ధంగా ఉండండి. 2017 అక్టోబరు 9న ఢిల్లీలో భారత్, కొలంబియా చేతిలో 0-1తో వెనకబడి ఉంది. 82వ నిమిషంలో సంజీవ్ స్టాలిన్ కార్నర్ తీశాడు, జీక్సన్ సింగ్ గాల్లోకి లేచి తలతో లోపలికి కొట్టాడు. ఫిఫా వరల్డ్ కప్‌లలో భారత్‌కు అదే తొలి గోల్. స్టేడియం హోరెత్తిపోయింది. మరుసటి నిమిషమే, 83లో, పెన్యాలోసా కొలంబియాకు రెండో గోల్ వేసేశాడు. పైన లెక్కలో చెప్పిన గోల్ ఇదే. ఆ కుర్రాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. అంత ఆనందం తర్వాత ఒక్క నిమిషంలో మళ్లీ మనసు కుదుర్చుకోవడం పెద్దవాళ్లకే కష్టం. యూత్ ఫుట్‌బాల్‌లో ఇది మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అందుకే ఆ మూడు నిమిషాలకు నోట్‌బుక్‌లో వేరే వరుస పెట్టండి: ఎవరు అందరినీ వెనక్కి పిలుస్తున్నారు, ఎవరు ఇంకా గోల్ వేసిన ఆనందంలోనే ఉన్నారు.

*హాఫ్ టైమ్.* రెండు వాక్యాలు, అంతే. "ఈ జట్టు ఏ వైపు నుంచి దాడి చేస్తోంది? ఎక్కడ ఖాళీ వదులుతోంది?"

*రెండో సగం.* కోచ్ ఏం మార్చాడో చూడండి. అలసట వచ్చాక, అంటే 70 దాటాక, ముందు ఎంచుకున్న ఆటగాడి దగ్గరికే తిరిగి రండి. 20వ నిమిషంలో భుజం మీంచి వెనక్కి చూసినవాడు 75లోనూ చూస్తున్నాడా?

7. వీడియో రివ్యూ కార్డు గురించి తెలుసుకోండి

ఈ టోర్నీలో కోచ్ చేతిలో కార్డు చూసి కంగారుపడినవాళ్లున్నారు. ఇది పెద్ద టోర్నీల్లో కనిపించే వీఏఆర్ (వీడియో అసిస్టెంట్ రిఫరీ) కాదు. గదిలో కూర్చుని అన్నీ చూసే రిఫరీలు ఉండరు. కోచ్ అభ్యంతరం ఉంటే తానే వెంటనే రివ్యూ అడగాలి. అప్పుడు రిఫరీ పక్కనున్న తెర మీద చూసి నిర్ణయిస్తాడు. ఒక్కో జట్టుకు రెండు అవకాశాలు. అడిగింది సరైనదైతే ఆ అవకాశం మిగులుతుంది.

గోల్, పెనాల్టీ, నేరుగా ఎరుపు కార్డు, ఒకరికి బదులు ఇంకొకరికి కార్డు ఇవ్వడం. ఈ నాలుగింటికే అడగొచ్చు. మొదటి సగంలోనే రెండూ పోగొట్టుకున్న కోచ్ చివరి పది నిమిషాలు ఎంత టెన్షన్‌గా ఉంటాడో గమనించండి.

8. నాకౌట్‌కు వేరే తయారీ

90 నిమిషాలకు సమానంగా ఉంటే అదనపు సమయం లేదు, నేరుగా పెనాల్టీలే. 2023 ఫైనల్లో జర్మనీ 2-0తో ముందుండగా ఫ్రాన్స్ ఒకటి తగ్గించింది, జర్మనీ ఆటగాడొకడు ఎరుపు కార్డుతో వెళ్లిపోయాక 2-2 చేసింది. అక్కడి నుంచి షూటౌట్‌కే వెళ్లారు, జర్మనీ 4-3తో గెలిచింది.

దీనివల్ల 80 దాటాక ఆట స్వభావం మారుతుంది. బలహీనమైన జట్టు పెనాల్టీల కోసం కాచుకుంటుంది, బలమైన జట్టు తొందరపడుతుంది. ఈ దశలో వచ్చే సబ్‌స్టిట్యూట్‌లను ప్రత్యేకంగా రాసుకోండి, పెనాల్టీల కోసమే దింపుతున్నారేమో తెలుస్తుంది.

మ్యాచ్‌కు ముందు చెక్‌లిస్ట్:

- కార్డుల వల్ల ఎవరు దూరమయ్యారు?
- రెండు జట్లకూ ఎన్ని రోజుల విశ్రాంతి దొరికింది?
- ఇంతకుముందు షూటౌట్ ఆడిన కీపర్ ఎవరు, ఏ వైపు ఎక్కువగా దూకాడు?

9. ఎక్కువగా జరిగే తప్పులు, వాటికి మందు

*స్కోరు చూసి టీవీ కట్టేయడం.* 2017 ఫైనల్లో 31 నిమిషాలకే స్పెయిన్ 2-0తో ముందుంది. 44లో ఇంగ్లండ్ ఆటగాడు బ్రూస్టర్ ఒకటి తగ్గించాడు. రెండో సగంలో ఇంగ్లండ్ నాలుగు వేసి 5-2తో కప్పు ఎత్తింది. ఎంచుకున్న మ్యాచ్‌ను చివరిదాకా చూడాల్సిందే.

*ఒక్క ఓటమితో జట్టును కొట్టేయడం.* 2025లో విజేత పోర్చుగల్ గ్రూప్ దశలో జపాన్ చేతిలో 2-1తో ఓడింది. మూడు మ్యాచ్‌లు అయ్యేదాకా తీర్పు రాయకండి.

*గోల్‌కీపర్‌ను తిన్న గోల్స్‌తో కొలవడం.* నేనూ మొదట్లో ఇదే చేశాను. నాలుగు గోల్స్ తిన్న ఒక కీపర్ పేరు కొట్టేసి, తర్వాత రీప్లే చూస్తే వాడు ఆపినవి ఏడు ఉన్నాయి. అప్పటి నుంచి కీపర్‌కు రెండు గడులు పెడుతున్నాను: ఆపగలిగీ వదిలినవి, ఎవరూ ఆపలేనివి.

*ఎత్తుగా, వేగంగా ఉన్నవాడే గొప్పవాడనుకోవడం.* మూడో అంచెలో రాసుకున్న పుట్టిన నెలల పట్టిక తీసి పక్కన పెట్టుకోండి.

*కుర్రాళ్లను తిట్టడం.* వీళ్లు ఇంకా స్కూలు వయసు పిల్లలు, ఫోన్లలో అన్నీ చదువుతారు. పెనాల్టీ తప్పిన పిల్లాడి ఖాతా కింద ఒక్క మాట కూడా రాయకండి.

10. ఫైనల్ అయ్యాక వారం లోపల చేయాల్సిన పని

నోట్‌బుక్ మొత్తం తిరగేసి ఐదు పేర్లు తీయండి. గోల్డెన్ బాల్ (టోర్నీ ఉత్తమ ఆటగాడి అవార్డు) ఎవరికొచ్చిందో చూసి ఆ పేరే రాసేయకండి, మీరు చూసిన దాన్ని నమ్మండి. ఆ అవార్డు విజేత జట్టుకే వస్తుందని కూడా అనుకోవద్దు. 2003లో స్పెయిన్ కుర్రాడు ఫాబ్రెగాస్, 2007లో జర్మనీ కుర్రాడు టోనీ క్రూస్ గోల్డెన్ బాల్ అందుకున్నప్పుడు వాళ్ల జట్లు కప్పు గెలవలేదు.

ఒక్కో పేరు పక్కన ఒకే కారణం రాయండి. "వేగం" అని కాదు, "ఒత్తిడిలోనూ ముందుకే పాస్ ఇస్తాడు" అన్నట్టు, మళ్లీ చూసినప్పుడు సరిపోల్చుకునేలా ఉండాలి. ఆ పక్కన మూడు గడులు ఖాళీగా వదలండి: ఆరు నెలల తర్వాత ఏ క్లబ్బు జట్టులో ఉన్నాడు, ఏడాది తర్వాత, రెండేళ్ల తర్వాత.

మూడో గడి నింపడానికి మంచి చోటు అండర్-20 వరల్డ్ కప్. 2008లో పుట్టి 2025లో ఖతార్‌లో ఆడినవాళ్లు అజర్‌బైజాన్, ఉజ్బెకిస్తాన్ కలిసి నిర్వహించే 2027 అండర్-20కి వయసు ప్రకారం అర్హులే. ఆ జాబితాలు వచ్చిన రోజు మీ ఐదు పేర్లు అందులో ఉన్నాయో లేదో ముందు వెతకండి. ఉంటే పాత పేజీని పక్కన తెరిచి పెట్టుకుని, మొదటి మ్యాచ్‌లో పది నిమిషాలు మళ్లీ వాడినే చూడండి.